ఇరవై మందికే చోటు

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్ల గది చూసే పెద్దమనిషికి ఒకటే పిచ్చి. ఎవరైనా కాస్త పని ఆపారంటే చాలు, ఫోన్ చేసి "దిగండి" అనేవాడు. దిగడమంటే లాగౌట్ అవడం. అందుకే అందరూ ఆయన్ని కండక్టరుగారు అనేవారు. అసలు పేరు జీతాలిచ్చే విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఈ పిచ్చికి మూలం లైసెన్సు. రోగుల వివరాలుండే డేటాబేసులోకి ఒకేసారి ఇరవై కనెక్షన్లకే అనుమతి. ఆసుపత్రి చిన్నదిగా ఉన్నప్పుడు కొన్నది. తర్వాత అంతస్తులు లేచాయి, రిసెప్షన్‌కి పాలరాయి వచ్చింది, డైరెక్టరుగారి గదిలోకి గోడంత తెర వచ్చింది. లైసెన్సు మాత్రం అంగుళం పెరగలేదు. ఇరవై నిండాక ఎక్కబోతే "పరిమితి దాటింది" అని ఎర్రక్షరాలు పడతాయి. వాటికి సర్జనైనా ఒకటే, స్టోరు గుమాస్తా అయినా ఒకటే. ఎవరి కనెక్షనైనా బలవంతంగా తెంపితే సగంలో ఉన్న పని పోతుంది కనుక కండక్టరు ఫోన్లు చేసి ప్రాణం తీసేవాడు.

మందుల కౌంటరు ఆవిడకి ఆయనంటే ఒళ్ళుమంట.

"మేడం, మీ కనెక్షన్ ఊరికే కూర్చుంది."

"మంచినీళ్ళు తాగుతున్నానండీ."

"దిగి తాగండి."

ఇంట్లోనూ ఇదే వరస. మందుల కోసం వచ్చినప్పుడు ఆయన భార్యే చెప్పుకుంది. "మా తమ్ముడు సోఫాలో కునుకు తీస్తుంటే లేపేశారమ్మా. నిద్రపోయేవాళ్ళకి మంచం ఉంది, ఇది కూర్చునేవాళ్ళది అన్నారు. వాడు మళ్ళీ మా గడప తొక్కలేదు."

ఆయన లిఫ్టు దగ్గర కనిపిస్తే జనం మెట్లెక్కేవారు. లెక్కపెట్టి ఎవరో ఒకరిని దింపేస్తాడని భయం.

ఇంతా చేసి ఆయన కంప్యూటర్లో మాత్రం పొద్దస్తమానం ఒక కనెక్షన్ తెరిచే ఉండేది. దాంతో ఏ పనీ చేసేవాడు కాదు. అడిగితే "అది నాది" అనేవాడు. లోకాన్నంతా దిగమని తను కాళ్ళు చాపుకుని కూర్చోవడం ఏం న్యాయమని మందుల కౌంటరు ఆవిడ డైరెక్టరు ఆఫీసులో ఫిర్యాదు చేసింది. వాళ్ళు శ్రద్ధగా విని "చూస్తాం" అన్నారు. గోడ తెర మీద రోగుల లెక్కలు రంగురంగుల గీతలుగా కదలడానికి వాళ్ళే మూడు కనెక్షన్లు మింగుతున్నారని ఆవిడకి తెలియదు. ఆ గీతల్ని రోజూ చూసేది ఆ గది తుడిచే మనిషి ఒక్కతే.

ఒక మధ్యాహ్నం కౌంటరు ఆవిడ తమ్ముడు బండి మీంచి పడి, స్పృహ లేకుండా క్యాజువాలిటీకి వచ్చాడు. కబురు వినగానే ఆవిడ ఉన్నపళాన పరుగెత్తింది.

"వాడికి ఒక ఇంజెక్షన్ పడదు. ఇక్కడే ఒకసారి ప్రాణం మీదికొచ్చింది" అంది. అదేమిటో చెప్పబోతే, రోజంతా మందుల పేర్లు పలికే నోటికి ఆ ఒక్క పేరూ రాలేదు. నర్సు కంప్యూటర్లో చూడబోయింది. ఎర్రక్షరాలు పడ్డాయి. నర్సు కంగారు పడకుండా ఫోన్ తీసింది.

"కండక్టరుగారూ, ఒకటి."

"దిగాను. ఎక్కండి."

వెంటనే వివరాలు తెరుచుకున్నాయి. పడని మందు పేరు కనిపించింది. డాక్టరు చేతిలో సిరంజి పక్కన పెట్టి వేరేది తెమ్మన్నాడు.

"ఆయన అది మాకోసమే పట్టుకుని కూర్చుంటారు" అంది నర్సు. "మా పని కాగానే ఇంకెవరో దూరేస్తారు. పాపం, మళ్ళీ అందరికీ ఫోన్లు చేసి, తిట్లు తిని, ఇంకోటి సంపాదిస్తారు."

సాయంత్రం తమ్ముడు కళ్ళు తెరిచాక ఆవిడ కంప్యూటర్ల గదికి వెళ్ళింది.

"క్యాజువాలిటీ కోసమని అందరికీ చెప్పొచ్చుగా?"

"చెబితే ప్రతివాడిదీ అత్యవసరమే అవుతుందమ్మా. లైసెన్సు పెంచమని పైవాళ్ళని అడిగాను. ఉన్నదాంతో సర్దుకోమన్నారు. ఒకటి అట్టేపెట్టానని తెలిస్తే గోడ తెర మీద నాలుగో గీత కోసం పట్టుకుపోతారు."

"మరి మీకొచ్చిన చెడ్డపేరు?"

"తిట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు కదా. ఎంతమందైనా ఒకేసారి తిట్టుకోవచ్చు."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"మధ్యాహ్నం నుంచి మీ కౌంటరుకి చేస్తూనే ఉన్నాను. ఎవరూ ఎత్తలేదు. మీ కంప్యూటర్లో సగం కొట్టిన మందుల చీటీ తెరిచే ఉంది, తెంపడానికి మనసొప్పలేదు."

తమ్ముడికి అడ్డం పడిన ఇరవైలో తనదీ ఒకటి. ఆయన్ని తిట్టుకున్న తిట్లన్నీ తనకే తగిలినట్టయింది. ఆవిడ గబగబా కౌంటరుకి వెళ్ళి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే చీటీ ముగించి, దిగిపోయింది.

అప్పుడే ఫోన్ మోగింది.

"ఎక్కాను" అన్నాడు కండక్టరు. "ఇంక వెళ్ళి తమ్ముడి దగ్గర కూర్చోండి. అక్కణ్ణుంచి దిగమని ఎవరూ అనరు."