కొలవని ఆ ఐదు రోజులు

మొన్న మంగళవారం పొద్దున కంపెనీ స్టోర్‌లో బేరింగుల పెట్టెలు సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. సిస్టరమ్మ కూతురు. "అక్కా, అమ్మ తెల్లారంగ పోయింది" అంది. ఇంకేదో చెప్పబోయి ఫోన్ పెట్టేసింది. నాలుగు నెలలుగా ఆమెకు కాలేయం జబ్బని తెలుసు. తెలిసి ఉండటం వేరు, ఆ మాట చెవిన పడటం వేరు.

నాచారంలో మా బస్తీ దవాఖానాలో ఆమె కాంట్రాక్టు నర్సు. పెద్దా చిన్నా అందరికీ సిస్టరమ్మే. నా కొడుకు ఈ ఏడు ఒకటో తరగతిలో చేరాడంటే, ఆ చేరిక వెనక ఆమె ఉంది. అది ఎలాగో ఇన్నేళ్లుగా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అందులో నా తప్పు ఉంది కాబట్టి. ఇప్పుడు చెప్పాలి.

నాకు అయిదో నెల నడుస్తుండగా ఆమె మా ఇంటికి ఒక బీపీ మిషన్ పట్టుకొచ్చారు. గర్భిణులు ఇంట్లోనే రోజూ బీపీ చూసుకుని ఆ అంకెలు ఫోన్‌లో పంపితే, ప్రమాదం ముందుగా తెలుస్తుందా లేదా అని ఒక పరిశోధన జరుగుతోందట. మా ప్రాంతంలో దాని పని ఆమెకు అప్పగించారు. సంతకం పెట్టే ముందు కాగితంలోని ప్రతి వాక్యం చదివి వినిపించారు.

"దీంతోని మాకేం ఫాయిదా?" అని మా అత్తమ్మ అడిగింది.

"ఉంటదో ఉండదో తెల్వదమ్మా. తెలిస్తే పరిశోధన ఎందుకు?" అన్నారు సిస్టరమ్మ. తర్వాత నావైపు తిరిగి, "వద్దనిపిస్తే ఎప్పుడన్న మానెయ్ బిడ్డా. నీకు రావాల్సిన మందూ మాకూ ఏదీ ఆగదు" అన్నారు.

ఆమెకు కొన్ని పట్టింపులు ఉండేవి. ఎవరింట్లోనూ చాయ్ తాగేవారు కాదు. తన స్టీలు సీసాలో నీళ్లే తాగేవారు. బీపీ చూసే ముందు మనిషిని అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టేవారు. ఆ అయిదు నిమిషాలూ గదిలో ఎవరూ మాట్లాడకూడదు. మా అత్తమ్మ ఊరుకోలేక కూరగాయల ధర ఏదో ఎత్తబోతే, చేతి గడియారం మీంచి చూపు తిప్పకుండా వేలు పైకెత్తేవారు. మొదటిరోజే నాకు ఒక మాట చెప్పారు: "ఒక్కొక్క రోజు కుదరది. రాయకున్న ఫికర్ లేదు. లేంది మాత్రం రాయకు."

ఆ మాట నేను వినలేదు.

ఎనిమిదో నెల చివర్లో మా కంపెనీలో సరుకు తనిఖీ వచ్చింది. పొద్దున ఏడింటికే వెళ్లాలి, చీకటి పడ్డాక రావాలి. మందుల కంపెనీలో మా ఆయనది మారే షిఫ్టు. ఒకరోజు మిషన్ తీయడానికి బద్ధకించి, కిందటి వారం అంకె గుర్తు తెచ్చుకుని నూట ఇరవై, ఎనభై అని పంపేశాను. ఏమీ కాలేదు. మర్నాడు నూట పది, డెబ్బై. అలా ఐదు రోజులు. మూడోరోజు నుంచి పాదాలు వాచాయి. ఉంగరం వేలికి బిగుసుకుంటే సబ్బు రాసి తీశాను. నిలబడి పని చేస్తున్నాను కదా, వాపు రాదా అనుకున్నాను.

ఆరోరోజు శనివారం. మధ్యాహ్నం తలనొప్పిగా ఉందని ఇంటికి వచ్చి పడుకుంటే, గుమ్మంలో సిస్టరమ్మ. ఆమె రావాల్సిన రోజు కాదు.

"మిషన్ తియ్యి" అన్నారు.

అయిదు నిమిషాలు కూర్చోబెట్టారు. కుడిచేతికి చూశారు. ఎడమచేతికి చూశారు. కాసేపాగి మళ్లీ కుడిచేతికి. మామూలుగా అంకె పైకి చదివి వినిపించేవారు. ఆరోజు మిషన్‌ను తనవైపు తిప్పుకున్నారు.

"కండ్ల ముందల మెరుపుల్లెక్క ఏమన్న కనవడుతున్నయా?"

"పొద్దుగాల్నుంచి" అన్నాను.

ఆమె లేచి నా ఫైలు, ఒక చీర, దుప్పటి సంచిలో కుక్కారు. అది చూసి అత్తమ్మ అడ్డం వచ్చింది. "ఇయ్యాల అష్టమి సిస్టరమ్మా. మావోడు గూడ డ్యూటీల ఉన్నడు. రేపు పొద్దుగాల పోదాం."

"అమ్మా, రేపటి దాంక నేనైతే ఆగను" అన్నారు ఆమె. గొంతు పెంచలేదు. "బీపీ మస్తు ఎక్కింది. గిప్పుడు ఫిట్స్ వస్తే తల్లీ ఉండదు, పిల్లా ఉండదు. అష్టమి దోషం నా మీద వెయ్యండి. నేను మోస్త."

అత్తమ్మ చెప్పులు వేసుకుంది.

ఆటో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆగిపోయింది. ఫ్లైఓవర్ స్తంభాల కోసం తవ్విన గుంతల పక్కన ఉన్న కొంచెం దారిలోనే బస్సులు, లారీలు, అన్నీ. గుంతల చుట్టూ కట్టిన రేకులు ఎండకు తళతళలాడుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. సిస్టరమ్మ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్‌కు నా సంగతి చెబుతున్నారు, రెండో చేత్తో నా బుగ్గ తడుతున్నారు.

"కండ్లు మూయకు బిడ్డా. మీ స్టోర్ల ఏమేం బోల్టులుంటయో జెప్పు."

"ఎం సిక్స్... ఎం ఎయిట్..."

"తర్వాత?"

"ఎం టెన్. ఎం ట్వెల్వ్."

ఆగితే మళ్లీ మొదటి నుంచి చెప్పించారు. నా మాట తడబడుతోందేమో చూస్తున్నారని అప్పుడు తెలియలేదు. మూడోసారి చెప్పడం అయ్యాక ముందుకు వంగి, అత్తమ్మకు వినపడకుండా అడిగారు.

"ఆ ఐదు రోజులు కొలిచినవా?"

నేను మళ్లీ "ఎం సిక్స్" అని మొదలుపెట్టాను.

"ఐదు రోజులూ అంకెలన్నీ సున్నాతోనే ముగిసినయి. మిషన్ గట్ల జెప్పది. మనిషి జెప్తడు. గందుకే వచ్చిన." ఆమె గొంతులో కోపం లేదు. "బీపీ ఎప్పటిసంది పెరిగిందని డాక్టర్ అడుగుతడు. ఆయనకు నిజం గావాలె."

"కొలవలే" అన్నాను. ఏడుపు వచ్చింది.

"సరే. గిదైతే నిజం. దీంతోని పనైతది" అన్నారు. ట్రాఫిక్ కదలకపోతే ఆటో దిగి, బస్సు ముందు నిలబడి డ్రైవర్‌కు చేతులెత్తి దండం పెట్టారు. ఆ సందులోంచి ఆటో దూరింది.

ఆస్పత్రి కౌంటర్లో పడక ఖాళీ లేదన్నారు. "పడక తర్వాత సూడుండ్రి. ముందు ఫిట్స్ రాకుండ ఇంజెక్షన్ ఇయ్యుండ్రి. కుర్చీల కూసోబెట్టి ఇచ్చినా సరే, నేను కదలను" అని ఆమె అనడం విన్నాను. తర్వాత ఆ ఇంజెక్షన్ ఎక్కుతుంటే ఒంట్లో నిప్పులాంటి వేడి పాకడం ఒకటే గుర్తుంది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. బాబు నెల ముందే పుట్టాడు. రెండు కిలోలు కూడా లేడు. పదకొండు రోజులు గాజుపెట్టెలో ఉన్నాడు. పన్నెండోరోజు వాణ్ని అత్తమ్మ చేతుల్లో పెట్టారు.

ఇంటికి వచ్చిన నెలకు సిస్టరమ్మ కాగితాలు తీసుకుని వచ్చారు. నేను పంపిన ఐదు రోజుల అంకెలనూ కొట్టేసి, పక్కన 'కొలవలేదు' అని రాయాలన్నారు.

"ఉండనియ్ సిస్టరమ్మా. అందరూ బాగనే ఉన్నం గదా" అని బతిమాలాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"నీ పేరు ఉండది, నంబరే ఉంటది. కానీ ఈ అంకెలు గిట్లనే ఉంటే, రోజూ కొలిచినా ముందుగాల తెల్వలేదని రాస్తరు. లేకుంటే అంతా మంచిగనే ఉండె, ఒక్కరోజుల ఎక్కిందంటరు. రెండూ అబద్ధమే. ఇంకో ఊర్ల ఇంకో బిడ్డ కడుపుతోని ఉంటది. ఆమెకేం జెప్తం?"

కొట్టేశాను. ఆమె కింద సంతకం చేశారు.

దానితో ఆమెకే చిక్కొచ్చింది. మిగతా ఇళ్లకు కూడా వెళ్లి అడిగితే మరో ఇద్దరు తామూ కొలవకుండానే పంపామని ఒప్పుకున్నారట. ఆమె ప్రాంతంలోనే కొలవని రోజులు ఎక్కువున్నాయని, ఆడవాళ్లకు సరిగా నేర్పలేదని పైవాళ్లు మాట అన్నారు. కొన్నాళ్లు ఆమెను అక్కణ్నుంచి తీసి కాప్రా వైపు ఇళ్లు లెక్కరాసే పనికి పంపారు. నా మూలంగానే అని క్షమాపణ అడగబోతే, "నేను నేర్పింది నిజంగనే సాలలే. పని చేసేటోళ్లకు పొద్దటి పూట ఎట్ల కుదురుతదో అడగలే" అన్నారు. ఆ మాటకన్నా నన్ను తిట్టి ఉంటే బాగుండుననిపించింది. తర్వాత ఆ ఫోన్ మెసేజీలో 'ఈరోజు కొలవలేదు' అని నొక్కే వీలు పెట్టారని ఆమే చెప్పారు. అది ఎవరి సలహా అని అడిగితే మాట మార్చారు.

నెల కిందట ఆమెను చూడటానికి కాప్రాలో వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద చిన్నపిల్లలా అయిపోయారు. నేనున్నప్పుడే డాక్టర్ ఫోన్ చేసి, నొప్పి పదికి ఎంత ఉందని అడిగాడు. "ఎనిమిదని జెప్పమ్మా, పట్టించుకుంటరు" అని కూతురు గుసగుసలాడింది. సిస్టరమ్మ కళ్లు మూసుకుని, నిజంగానే లోపలికి చూసుకుని, "ఆరు" అన్నారు. ఆ తర్వాత, "రాత్రి ఏడుండె" అన్నారు.

మంగళవారం మధ్యాహ్నానికి ఆ ఇంటి ముందు మనుషులు పట్టలేదు. చంకలో పిల్లలతో వచ్చినవాళ్లు, డ్యూటీ బట్టల్లోనే వచ్చినవాళ్లు. ఎవరూ పెద్దగా ఏడవలేదు. బండి వచ్చి, ఆమెను ఎక్కిస్తున్నప్పుడు చూశాను. రోడ్డుకు అవతల, మూసి ఉన్న ఒక షాపు ముందు ఒక అమ్మాయి ఒంటరిగా నిలబడి ఉంది. ఏడో నెలో ఎనిమిదో నెలో. కడుపుతో ఉన్నవాళ్లు చావింటికి రాకూడదంటారు. అందుకే ఇవతలికి రాలేదు. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. తారు రోడ్డు కాలుతుంటే ఒక పాదం మార్చి ఒక పాదం వేస్తూ, బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.