రొంటిన దోపుకున్న సీసా

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన ఏడు నా పెళ్లయింది. మా నాయన తన తోడబుట్టిన అక్క కొడుక్కే నన్నిచ్చాడు. పుట్టిల్లు ఉయ్యాలవాడ పక్క పల్లె, అత్తిల్లు ఆళ్లగడ్డ పక్క పల్లె. మా అమ్మ అప్పటికే పోయింది. చిన్నప్పుడు నా తల దువ్వి జడలేసింది మా మేనత్తే కాబట్టి, పరాయి ఇంటికి పోతున్నానన్న బెంగ నాకు లేదు. నా తర్వాత చెల్లెలు ఒక్కతే. దాన్నీ నాయన్నూ వదిలి వచ్చానన్న దిగులే ఎక్కువ.

మూడేళ్లు గడిచినా నా కడుపు పండలేదు. మొదట్లో అత్త ఏమీ అనలేదు. తర్వాత నల్లమల నుంచి దిగి వచ్చే చెంచామె దగ్గర ఏవో వేర్లు కొని, నూరి, పరగడుపున తాగించడం మొదలుపెట్టింది. ఆ చేదు నాలుక మీంచి పోయేలోపే ఊళ్లో ఎవరో ఒకరు నీళ్లోసుకున్నారన్న కబురు వచ్చేది. శ్రీమంతాలకు పిలిచేవాళ్లు, పిలిచి నన్ను పొయ్యి దగ్గరికి పంపేవాళ్లు. చూలాలికి గాజులు తొడిగే చోట నేనుండకూడదట. పప్పు ఎసట్లో వేయడానికి మాత్రం ఈ గొడ్డు చేతులు పనికొచ్చేవి. ఆ పప్పు తిని బాగుందని మెచ్చుకునే ఆడవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. మండినా ఏం చేస్తాను, ఇంకో గరిటె వేసేదాన్ని.

ఒకసారి నాయన పత్తి అమ్మడానికి నంద్యాల పోతూ నన్నూ బండెక్కించుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. పత్తి దించాక నేరుగా ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ ఒక లేడీ డాక్టరు ఉండేది, కోస్తా మనిషి. నన్ను బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష చేసినంతసేపూ నేను గోడకు ముఖం తిప్పుకుని, గోడ మీద సున్నం పెచ్చులు ఎక్కడెక్కడ ఊడాయో చూస్తూ పడుకున్నాను. అంతకన్నా సిగ్గు ఆ తర్వాత జరిగింది. ఆమె బయటికి వచ్చి, వరండాలో తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డ మా నాయనతో నా ఎదురుగానే చెప్పేసింది.

"మీ అమ్మాయిలో నాకేం లోపం కనబడలేదండీ. ఇక చూడాల్సింది మీ అల్లుణ్ణి. ఆయన్ని తీసుకురండి."

నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, చెమట పట్టకపోయినా. ఊరు చేరేదాకా ఎద్దులతోనే మాట్లాడాడు, నాతో కాదు.

అత్తకు ఆ మాట చేరింది కానీ చెవిన పడనట్టే ఉండిపోయింది. ఆ ఎండాకాలం తనే బండి కట్టించుకుని తమ్ముడింటికి పోయింది. నేనూ వెంట ఉన్నాను. వాకిట్లో కూర్చుని, నీళ్లు తాగి, ముందే కబురంపిన మాటను ఎదురుగా అడిగేసింది. చిన్నదాన్ని కూడా తన కొడుక్కే ఇమ్మని. పెద్దదానికి పిల్లల్లేకపోతే చెల్లెల్ని తెచ్చుకోవడం మా వైపు వింతేమీ కాదు. రెండో పెళ్లి కూడదని చట్టం ఉందని ఎవరో అన్నారు గానీ, చట్టం మా పల్లె దాకా ఇంకా నడిచి రాలేదు.

నాయన తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "ఇస్తాలే అక్కా. అదీ ఒప్పుకునింది. కాకపోతే ముందు నీ కొడుకును ఆ డాక్టరమ్మకు చూపిచ్చు. బాగుండాడు అనిందంటే ఆ పొద్దే తాంబూలాలు మార్చుకుందాం."

"నా కొడుకుకేమొచ్చిందిరా? ఎద్దు మాదిరి ఉండాడు!"

"ఎద్దునైనా పండ్లు చూసే కొంటాం గదక్కా."

అత్తకు రోషం వచ్చింది. సరే చూపిస్తానంది. వాకిట్లో ఉన్న నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పదహారేళ్ల నా చెల్లెలు తలుపు వెనకాల నిలబడి వింటోంది. తలుపు కింద దాని పాదాలు నాకు కనిపిస్తున్నాయి. మా ఆయన బాగుండీ అదీ కనకపోతే, దానికీ ఆ పొయ్యి దగ్గరి చోటే దక్కితే? డాక్టరు కంటికి ఆనని లోపం అతనిలో ఉంటే రేపు ఇద్దరినీ గొడ్రాళ్లంటారు కదా? లోపమేమీ లేకపోతే దాని బిడ్డను నేను ఊపుతూ, నా మంచం వసారాలోకి మార్చుకోవాలి. ఎటు తిప్పి చూసినా నాకు ఏడుపే వచ్చింది.

మా ఆయన విని మండిపడ్డాడు. "మొగోణ్ణి పరీక్ష జేసేది యాడన్నా ఉండాదా? ఊర్లో తలెత్తుకుని తిరగొద్దా నేను?" అన్నం పళ్లెం తోసేసి పొలానికి పోయాడు. కానీ కొడుకు కావాలన్న ఆశ అతనికీ ఉంది. వానలు పడే లోపల సరేనన్నాడు.

డాక్టరు వెడల్పు మూతి సీసా ఒకటి ఇచ్చి, ఏం చేయాలో మా ఆయనకు చెప్పింది. దాన్ని బస్సులో ఆళ్లగడ్డ నుంచి తెస్తే పనికిరాదు, నంద్యాలలోనే ఉండి, తీసిన వెంటనే, ఒంటి వేడి తగ్గకుండా తేవాలి. ఆ మాటలు వింటూ మా ఆయన ముఖం మాడ్చుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆస్పత్రికి దగ్గర్లో, అత్తకు తెలిసినవాళ్ల ఇంట్లో ఒక గది తీసుకుని దిగాం.

పొద్దున్నే మా ఆయన గదిలో గడియ వేసుకున్నాడు. అత్తా నేనూ బయట అరుగు మీద, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా కూర్చున్నాం. ఇంటామె వచ్చి పోతూ, "ఏమ్మా, ఇంత పొద్దెక్కినా లోపల గడియేసుకుని ఏం చేస్తాండాడు నీ కొడుకు?" అంది.

"కడుపులో నొప్పంటమ్మా, పండుకున్యాడు," అంది అత్త.

"అయ్యో, వాముకషాయం ఇయ్యనా?"

"ఒద్దులేమ్మా, తగ్గతాది."

ఆమె వాము తెచ్చి తలుపు తట్టింది కూడా. నేను భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. లోపలి నుంచి మా ఆయన "పొండీడ్నుంచి!" అని అరిచాడు. ఆ తర్వాత ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. తువ్వాల్లో చుట్టిన సీసాను అరుగు మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వీధిలోకి పోయాడు.

అత్త సీసా తీసుకుని లోపలికి పోయి, కాసేపటికి వచ్చి నా చేతికిచ్చింది. "రొంటిన దోపుకో అమ్మీ. వేడి తగ్గకూడదంట." నేను చీర కుచ్చిళ్ల దగ్గర, బొడ్డుకు ఆనించి దోపుకుని పైన కొంగు కప్పుకున్నాను. జట్కా ఎక్కాం.

ఆ జట్కాలో నేను దేవుణ్ని ఏమని మొక్కుకోవాలో నాకు తెలియలేదు. బాగుందని వస్తే నా చెల్లెలు నా సవతి. బాగాలేదని వస్తే మా ఆయన తల దించుకుని తిరగాలి. చక్రం రాయెక్కి కుదిపినప్పుడల్లా రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని ఒత్తి పట్టుకున్నాను. ఎదురుగా వస్తున్న ఒక ముసలమ్మ నన్ను చూసి, "బద్రంగా పో తల్లీ, ఎన్నో నెల?" అంది. అత్త తల తిప్పుకుంది.

డాక్టరు సీసా మూత తీసింది. వెలుతురులో పెట్టి చూసింది. పట్టకారుతో లోపల్నుంచి ఏదో పైకి తీసింది. చింతగింజంత నల్లటి బొగ్గుముక్క.

"ఏమిటమ్మా ఇది?"

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అత్త ముఖం చూశాను. మా ఇంట్లో పాలు గానీ పెరుగు గానీ గడప దాటి పోతే అత్త అందులో ఒక బొగ్గుముక్క వేయకుండా పంపేది కాదు. పదిమంది కళ్లూ పడి చెడిపోతాయని. ఈ సీసా పాలచెంబు కన్నా విలువైనది కదా మరి ఆమెకు.

"దిష్టికమ్మా," అంది అత్త, కొంచెం గర్వంగానే. "ఎవురెవురో చూస్తారు గదా. కడిగే ఏసినా."

పక్కనున్న నర్సులిద్దరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. డాక్టరు నవ్వలేదు. "ఇది పాడైపోయిందమ్మా. దీన్ని చూసి నేనేం చెప్పినా అబద్ధమే అవుతుంది. కొన్నాళ్లాగి మళ్లీ తీసుకురండి." నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటినీ మింగుకుని, ఖాళీ నడుముతో బయటికి వచ్చాను.

మా ఆయన జట్కాల దగ్గర నిలబడి ఉన్నాడు. అత్త గొణుగుతూ చెప్పింది. "మళ్లీనా? సచ్చినా నా చేత కాదు," అన్నాడు. అంతే. బస్సులో ముందు వరసలో ఒక్కడే కూర్చున్నాడు.

అత్త నా పక్కన కూర్చుని చెవిలో చెప్పింది. "ఆళ్లగడ్డలో మీ నాయన కాసుకోనుంటాడు. బాగుందంట అని చెప్తా. నువ్వు నోరెత్తొద్దు. చూడకుంటే మాత్రం ఏమి? నా కొడుకుది బాగుండక యాడికి పోతాది?" ఆ మాట ఆమె మోసంగా అనలేదు. నిజంగానే నమ్మింది. అందుకే నాకు ఇంకా భయమేసింది.

బస్సు దిగేసరికి నాయన టీ అంగడి ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఊరి మనుషులు, మేం నంద్యాల ఎందుకు పోయామో వాళ్లకు అప్పటికే తెలుసు. లేచి వచ్చాడు.

"ఏమన్యారక్కా?"

"బాగుందంటరా. ఇంగ తాంబూలాలకు మంచి పొద్దు చూడు."

నాయన మా ఆయన వైపు చూశాడు. మా ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. అప్పుడు నాయన నా వైపు తిరిగి, "నిజమేనామ్మా?" అన్నాడు.

కన్నతండ్రితో, నడివీధిలో, ఆ సంగతి ఏ నోటితో చెప్పాలి? ఊరుకుంటే అయిపోయేది. తల ఊపినా అయిపోయేది. కానీ తలుపు కింద కనబడిన ఆ పాదాలు గుర్తొచ్చాయి, నా గొంతు నేననుకున్నదాని కన్నా గట్టిగా వచ్చింది.

"చూడల్యా నాయనా. పరీక్షే కాల్యా. అత్త ఆ సీసాలో బొగ్గేసింది."

టీ అంగట్లో ఒకడు పకాలున నవ్వాడు. విషయం తెలియనివాడికి పక్కవాడు చెప్పాడు. ఇంక నవ్వులు ఆగలేదు. నాయన ముఖం ఎర్రగా కందిపోయింది. నా ముఖం చూడకుండానే, "చిన్నదాని మాట ఇంగ ఎత్తొద్దక్కా," అని బండి దగ్గరికి పోయాడు. మా ఆయన మా ఇద్దరినీ వదిలి మా ఊరి దారి పట్టాడు. ఆ తర్వాత చాలాకాలం ఊళ్లో వాళ్లు అతన్ని బొగ్గుసీసా అని పిలిచారు, వెనకాల కాదు, ముందరే. నాతో మాటలు మానేసి, నీళ్లు కావాలన్నా గోడతో చెప్పేవాడు, నేను తెచ్చి పెట్టేదాన్ని. ఇంకోసారి నంద్యాల పోలేదు. లోపం ఎవరిలో ఉందో నాకు ఈనాటికీ తెలియదు.

మరుసటి ఏడు చెల్లెలికి పగిడ్యాల వైపు సంబంధం కుదిరింది. తెలియని మనుషులు, దూరం. పెళ్లికి ముందురోజు మేమిద్దరమే ఉన్నప్పుడు దాని తల దువ్వుతుంటే, అది వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నన్నెందుకు రానీయల్యా అక్కా?"

"నీ బతుకు బాగుండాలనే లేవే."

"నాయన్ను ఒప్పిచ్చింది నేనే తెల్సా? అమ్మ పాయె. నువ్వూ పోయినావు. నేనొస్తే ఇద్దరం ఒక ఇంట్లో ఉంటాం గదా అనుకున్యా. ఎవురికి పుట్టినా ఇద్దరికీ బిడ్డే గదా." చేతి గాజులు వెనక్కీ ముందుకీ జరుపుకుంటూ అంది. "నేను నీకు సవతి లెక్కన కనపడితినా?"

దువ్వెన నా చేతిలో ఆగిపోయింది. దాని మేలు కోసమే ఆ రోజు నోరు తెరిచానని అంతవరకూ నమ్ముకుని బతికాను. వసారాలోకి మార్చుకోవాల్సిన నా మంచం గురించి దానికేం చెప్పను? జడ అల్లి ముడేశాను.

పెళ్లయ్యాక బండెక్కే ముందు అది పెద్దలందరి కాళ్లకూ మొక్కుతూ వచ్చింది. నా ముందుకొచ్చి వంగబోతే నేను చటుక్కున వెనక్కి జరిగాను. ఆ మొక్కుకు నేను తగనన్న సిగ్గుతో జరిగాను. సవతిగా రాబోయినందుకు అక్కకు ఇంకా కోపం పోలేదనుకుని, అది కళ్లు తుడుచుకుంటూ బండెక్కి వెళ్లిపోయింది.