జాజు పూసిన తట్ట

1981లో నేను జగ్గయ్యపేటలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. పేరు ఘనంగా ఉంటుంది గానీ చేసేది చెత్త పని. ఈ మాట నేను అనొచ్చు, ఇంకెవరన్నా అంటే మాత్రం ఒళ్ళు మండేది. పొద్దున్నే సైకిలేసుకుని వీధులు ఊడ్చారా, కాలవలు తీశారా అని చూసుకోవడంతోనే నా రోజు మొదలయ్యేది.

ఆ ఏడు జగ్గయ్యపేటకీ నందిగామకీ కలిపి ఒక పాత లారీ వచ్చింది. రెండూళ్ళ చెత్తనీ అదే ఎత్తాలి, రెండుచోట్లా దాన్ని చూసుకోవడం నా పని. దాంతోపాటు ఒక కొత్త పద్ధతి కూడా వచ్చింది. ఇంటివాళ్ళే చెత్తని రెండుగా చేసి గుమ్మం ముందు పెట్టాలి. మా శాఖలో దీన్ని సెగ్రిగేషన్ అంటాం, అంటే వేరుచేయడం. తొక్కలు, ఆకులు, బూడిద మామూలు తట్టలో వేయాలి. గాజుపెంకులు, రేకులు, మేకులు, గుచ్చుకునేవన్నీ ఎర్రగా జాజు పూసిన తట్టలో వేయాలి. జాజు తట్టలోవి పాత సామాను కొనేవాళ్ళకి పోతాయి. మిగిలినవి రెండూళ్ళకీ మధ్య హైదరాబాదు రోడ్డు పక్క బంజర్లో కంపోస్ట్ ఎరువవుతాయి. రైతులు ఆ ఎరువు తీసుకుంటేనే లారీ నిలుస్తుంది, లేకపోతే వెనక్కి పోతుంది.

లారీ పోతే ఏమవుతుందో అందరికంటే బాగా తెలిసినావిడ నందిగామ చర్చి వీధి బళ్ళో పనిచేసే సుగుణమ్మ టీచరు. ఆ బడి వెనక పెద్ద గుంట ఉండేది. ఊరి చెత్త ఎప్పట్నించో ఆ గుంటలోనే పడేది. ఆ పిల్లల్లో చెప్పులున్నవాళ్ళు తక్కువ, బంతి గుంటలో పడితే దిగాల్సిందే.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ ఒక పిల్ల పాదం ఒళ్ళో పెట్టుకుని పిన్నీసుతో గాజుముక్క తీస్తోంది. తలెత్తకుండానే అంది: "ఎక్కాలు చెప్పడం కంటే ఈ పనే ఎక్కువైపోయిందండీ. మీ లారీ ఉంటదా, పోయిద్దా? అదొక్కటి చెప్పండి."

"రైతులు ఎరువు కొనాలి కదమ్మా" అన్నాను.

"అయితే కొనేటట్టు చెయ్యండి" అంది, అదేదో నా చేతిలో పనైనట్టు.

ప్లాను వెయ్యడానికి రెండూళ్ళ పెద్దలం కూర్చున్నాం. అందరం మగవాళ్ళమే. మ్యాపులు పరిచాం, డీజిల్ లెక్కలు వేశాం, టీలు తాగాం. ఆదివారం సెలవు. మిగిలినవాటిలో సోమ, బుధ, గురువారాలు జగ్గయ్యపేటకి, మంగళ, శుక్ర, శనివారాలు నందిగామకి అని పంచుకున్నాం. అన్నదమ్ముల వాటాల్లా సమానంగా కుదిరాయని మాకు మేమే మురిసిపోయాం.

మంగళవారం నందిగామలో లారీ హారన్ కొట్టుకుంటూ వీధి ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగింది. ఒక్క తట్టా బయటికి రాలేదు. శుక్రవారమూ అంతే. శనివారానికి ఇళ్ళల్లో మగ్గిన చెత్తంతా కలగాపులగమై రోడ్డెక్కింది. మేం పంచిన జాజు తట్టల్లో మిరపకాయలు ఎండుతున్నాయి.

ఒక అరుగు మీద కూర్చున్న పెద్దావిణ్ణి అడిగాను, "తట్టలెందుకు పెట్టలేదు మామ్మగారూ?" అని.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మంగళవారం పూట గడపలో నిలబడి ఇంకోళ్ళ చేతికి ఏవన్నా ఇస్తావా అబ్బాయ్? చేబదులు ఉప్పే ఇవ్వం, చెత్తిస్తావా?"

"మరి రోజూ పారేస్తున్నారుగా?"

"పారెయ్యటం వేరు, ఇయ్యటం వేరు. ఆ మాత్రం తెలీకుండానే ఉద్యోగం ఇచ్చారా నీకు?"

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. మంగళ, శుక్రవారాలు ఇంట్లోంచి ఏదీ చేజారనివ్వరని ఆ ప్లాను వేసిన మాకందరికీ తెలుసు. తెలిసీ చెత్త సంగతిలో తట్టలేదు. ఏ మగవాడు చెత్తబుట్ట ముట్టుకున్నాడు గనక తట్టడానికి!

రోజులు మార్చుకుందామంటే జగ్గయ్యపేటవాళ్ళు ఒప్పుకోలేదు. "మా ఆడవాళ్ళకి మాత్రం లక్ష్మీదేవి అక్కర్లేదా?" అన్నారు. అదీ నిజమే. లారీ వెనక్కి పంపేద్దామనే మాట వచ్చింది. ఆ కబురు టీచరుకి నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ గుంట వైపు చూసింది. తర్వాత అడిగింది: "మీ లారీ మా వీధి పక్కనించే పోయిద్ది గదండీ. లోపలికెందుకు రాదు?"

మ్యాపు మీద మేం గీసిన గీత పెద్ద వీధులతోనే ఆగిపోయింది.

"మంగళ, శుక్రవారాలు మాకు రండి. మాకు ఆదివారం ఒక్కటే వద్దు. జగ్గయ్యపేటలో మాత్రం చర్చి వీధి లేదా? సాయిబుల వీధి లేదా? శుక్రవారం నమాజుకి ముందే పోతే వాళ్ళూ ఇస్తారు. ఊళ్ళు పంచుకున్నారు గాని, వీధులు చూసుకోలేదండి మీరు."

మళ్ళీ ప్లాను గీశాం. ఆ రెండు రోజులూ రెండూళ్ళలోని చర్చి వీధులకి, సాయిబుల వీధులకి. మిగతా నాలుగు రోజులూ మిగతా వీధులకి. అలా అది మొదటిసారి రెండూళ్ళ ఉమ్మడి పథకమైంది.

ఆ మంగళవారం నేను జన్మలో మర్చిపోను. లారీ చర్చి వీధిలోకి తిరిగేసరికి డ్రైవరు తనంతట తనే ఇంజన్ ఆపేశాడు. అలికిన ప్రతి గుమ్మం ముందూ రెండు తట్టలున్నాయి. ఒకటి మామూలుది, ఒకటి ఎర్రది. పూరిల్లు, పెంకుటిల్లు తేడా లేదు. ఎర్రతట్టల్లో గాజుముక్కలు ఎండకి మెరుస్తున్నాయి. కూలికి పోవాల్సిన ఆడవాళ్ళు కూడా తమ తట్ట లారీ ఎక్కేదాకా కదల్లేదు. ఆ వీధిలోకి చెత్త తీసుకుపోవడానికి బండి రావడం వాళ్ళెరిగి అదే మొదలు. అన్నాళ్ళూ వచ్చినవన్నీ పారబోయడానికి వచ్చినవే.

వారం తిరక్కుండా పెద్ద వీధులవాళ్ళు కూడా దారికొచ్చారు. "వాళ్ళు పెడుతుంటే మనకేం రోగం?" అనుకున్నారట. ఏమనుకుంటేనేం, తట్టలు బయటికొచ్చాయి.

బంజర్లో చెత్తని విండ్రోలుగా పేర్చాం. విండ్రో అంటే పొడుగాటి కుప్ప. అందులో ఇనపకడ్డీ గుచ్చి తీస్తే చెయ్యి కాలేది. నిప్పు లేదు, పొయ్యి లేదు, కుప్ప లోపల తనంతట తనే ఉడికేది. కొన్నాళ్ళకి వాసన పోయింది. తొలకరి వాన పడ్డ నేల వాసన వచ్చింది. పుస్తకంలో చదివిందే అయినా, గుప్పిట్లోకి తీసుకున్నప్పుడు ఒళ్ళు జలదరించింది.

పెనుగంచిప్రోలు నుంచి వెంకట్రామయ్య గారనే మిరప రైతు వచ్చారు. ఆయన తీసుకుంటే చుట్టుపక్కల రైతులంతా తీసుకుంటారు. ఎరువు నలిపి చూశారు, వాసన చూశారు, అయినా తల అడ్డంగా ఊపారు.

"పైకి బానే ఉందండి. లోపలేముందో ఎవరికెరుక? మా కూలోళ్ళు ఉత్త కాళ్ళతో దిగుతారు. పోయినేడు ఊరెరువు తోలిస్తే ఒకామె అరికాల్లో సీసాపెంకు దిగి, పాపం మంచాన పడింది. మళ్ళీ ఆ పాపం నాకొద్దు."

ఎరువు సంగతి తేల్చుకుందామని వచ్చి అప్పటిదాకా పక్కన నిలబడ్డ సుగుణమ్మ టీచరు చెప్పులు విప్పింది. పరిచిన ఎరువు మీద కాలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి మడమ నొక్కుతూ నడిచింది. చీలమండల దాకా దిగబడింది.

వెనక్కి తిరిగి వచ్చాక అడిగాను: "మీ వీధి తట్టలంటే మీరు చూశారు. ఇందులో రెండూళ్ళ చెత్తా ఉంది కదమ్మా, ఏ ధైర్యంతో నడిచారు?"

"జగ్గయ్యపేటలో ఆడవాళ్ళ మొహం నేనెప్పుడూ చూళ్ళేదండి. కానీ పెంకులు ఎర్రతట్టలో ఎందుకెయ్యాలో నాకు తెలిసినట్టే వాళ్ళకీ తెలుసు. వాళ్ళకీ పిల్లలుంటారు గదా" అంది.

వెంకట్రామయ్య గారు తన కిర్రుచెప్పులు విప్పి పక్కన పెట్టారు. నెమ్మదిగా ఆవిడ నడిచిన చోటే నడిచారు. గట్టెక్కి, "బండ్లు ఎప్పుడు తోలుకోమంటారు?" అన్నారు.

"మొదటి బండి మాత్రం మాదండి" అంది టీచరు. ఆ మొదటి బండి బడి వెనక గుంటలోకే పోయింది. ముందు గుంటలో ఉన్న పెంకులన్నీ ఏరించి, మట్టి తోలించి, పైన ఆ ఎరువు పరిచాం.

తర్వాత నేను చాలా ఊళ్ళు మారాను, చాలా ప్లాన్లు గీశాను. మ్యాపు ముందు కూర్చున్న ప్రతిసారీ మొదట వెతికేది మన గీత ఎక్కడ ఆగిపోయిందా అని. అక్కడ ఎవరో ఒకరు ఉత్త కాళ్ళతో నిలబడి ఉంటారు. వాళ్ళని అడగకుండా గీసింది ప్లాను కాదని నాకు ఆ వీధి నేర్పింది. జగ్గయ్యపేట నుంచి బదిలీ మీద వెళ్ళేరోజు చివరిసారి బడికెళ్ళాను. పెద్దపిల్లలు ఆ పూడిన గుంట మీద కబడ్డీ ఆడుతున్నారు. లోపల టీచరు ఎవరి పాదాల వైపూ చూడకుండా చిన్నవాళ్ళకి ఎక్కాలు చెబుతోంది.