పద్దెనిమిది అంగుళాల దిమ్మె

దైవాశీర్వాదం చేసిన విగ్రహాలు గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల కూడళ్ళలో రెండువందల పైచిలుకు ఉన్నాయి. వాటి కింద పలకల మీద పోయిన నాయకుడి పేరుంటుంది, ఆవిష్కరించిన నాయకుడి పేరుంటుంది, రిబ్బను పట్టుకున్నవాళ్ళ పేర్లు కూడా ఉంటాయి. ఈయన పేరు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనిపించదు. అదేమిటని ఎవరైనా అడిగితే, వంటవాడి పేరు విస్తట్లో రాస్తారా ఏమిటి అని నవ్వేసేవాడు.

పదహారో ఏట తెనాలిలో ఒక శిల్పశాలలో మట్టి తొక్కడానికి చేరాడు. ఇంట్లో అది ఎవరికీ నచ్చలేదు. చర్చికి వెళ్ళే కుటుంబంలో పుట్టినవాడు విగ్రహాలు చేయడమేమిటని తల్లి బెంగపెట్టుకుంది. పది ఆజ్ఞల్లో రెండోది దాని గురించేనని పాస్టరుగారు కూడా గుర్తుచేశారు. దేవుళ్ళ జోలికి పోను, మనుషుల్నే చేస్తానని తల్లికి మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. అయితే మన ఊళ్ళలో ఒక నాయకుణ్ణి దిమ్మె ఎక్కించి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టాక ఆయనకూ దేవుడికీ మిగిలే తేడా ఏమిటో పాస్టరుగారూ చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఆ పనిలో ఒక కిటుకుంది. పదడుగుల దిమ్మె మీద నిలబడే మనిషికి తల ఉన్నదానికన్నా పెద్దది చేయాలి, చేతులూ పెద్దవి చేయాలి. కళ్ళు లోతుగా తవ్వాలి, పెదాలు మందంగా పెట్టాలి. లేకపోతే కింద నిలబడి తలెత్తి చూసేవాడికి విగ్రహం తల గుండుసూది తలలా కనిపిస్తుంది. నేల మీద ఉన్నప్పుడు మాత్రం అది దిష్టిబొమ్మను తలపిస్తుంది. "తల పెద్దదైపోయింది మాస్టారూ" అని గుండెలు బాదుకున్న కమిటీవాళ్ళను దైవాశీర్వాదం ఎంతమందిని చూశాడో లెక్కలేదు. వాళ్ళకు టీ ఇప్పించి, క్రేను రానివ్వండి అనేవాడు. క్రేను వచ్చేది, నాయకుడు పైకెక్కేవాడు, తల కుదురుకునేది. ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ లెక్క తప్పలేదు.

భార్య మణి పోయాక, కూతురు జోసఫిన్ స్పాన్సర్ చేస్తే యాభై రెండో ఏట మిషిగన్‌లోని నోవైకి వచ్చాడు. ఈ వయసులో నేనక్కడ మంచు ఊడవడానికా అని కొన్నాళ్ళు గొణిగాడు. తీరా వచ్చాక, ఇక్కడి కార్ల కంపెనీలు కొత్త కారును ముందు మట్టితో చేసి చూసుకుంటాయని తెలిసి నోరు తెరిచాడు. అలాంటి ఒక స్టూడియోలో మట్టిపని దొరికింది. పదమూడేళ్ళు చేశాడు. అక్కడ పక్క బల్ల మీద పనిచేసే బొలాత్ కజకిస్తాన్ మనిషి. తన దేశంలో గుర్రాల మీద కూర్చున్న వీరుల విగ్రహాలు చేసి చేసి వచ్చినవాడు. ఇద్దరికీ కలిపి వంద ఇంగ్లీషు మాటలు వచ్చేవి, స్నేహానికి అవి చాలాయి. మనిద్దరం ఇన్నేళ్ళూ పిట్టల కోసం పనిచేశాం, మన పనిని దగ్గర నుంచి చూసింది అవే అని బొలాత్ అంటుండేవాడు. మీకు పిట్టలు, మాకు కాకులు అనేవాడు దైవాశీర్వాదం.

బొలాత్ తిరిగి వెళ్ళిపోయాడు, ఈయనా రిటైరయ్యాడు. అప్పుడు, అరవై ఏడో ఏట, తెలుగు సంఘం ప్రెసిడెంటు చక్రపాణి ఇంటికొచ్చి కృష్ణకుమారి విగ్రహం చేయమని అడిగాడు.

కృష్ణకుమారి నర్సు. కాకినాడ నుంచి వచ్చి నోవైలో ముప్పై ఏళ్ళున్న మనిషి. ఈ ఊళ్ళో కొత్తగా దిగిన తెలుగువాళ్ళలో సగంమంది ఎయిర్‌పోర్టు నుంచి ఆమె కారులో వచ్చినవాళ్ళే. మంచులో బండి నడపడం నేర్చుకున్నది కూడా ఆమె దగ్గరే, తిట్లు తింటూ. దైవాశీర్వాదం కూడా తిన్నాడు. చక్రాలు జారగానే బ్రేకు తొక్కబోయిన ఆయన మోకాలి మీద ఒక్కటి చరిచి, "కాలు తియ్యండి, అంతే! బండి దారికి అదే వస్తుంది" అని కసిరింది. అంతమంది నాయకుల విగ్రహాలు చేసిన మనిషిని మోకాలి మీద కొట్టింది ఆమె ఒక్కతే. రెండేళ్ళ క్రితం క్యాన్సర్‌తో పోయింది. లైబ్రరీ పక్క పార్కులో ఆమె కంచు విగ్రహం పెట్టుకోవడానికి సిటీవాళ్ళు పర్మిషన్ ఇచ్చారు.

దైవాశీర్వాదం వెంటనే ఒప్పుకోలేదు. వేళ్ళ కీళ్ళు పొద్దున్నే బిగుసుకుపోతున్నాయి, ఇంకో విగ్రహానికి అవి పనికిరావని ఆయనకు తెలుసు. ఇదే ఆఖరిది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఇంతవరకూ ఆయన చేసిన మనుషులంతా ఫోటోల్లో మనుషులే, ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషిని ఎప్పుడూ చేయలేదు. మొదటిసారీ ఆఖరిసారీ ఒకటే కావడం ఆయనకు భయంగా ఉంది. అయినా చేస్తానన్నాడు.

గరాజే శిల్పశాల అయింది. జోసఫిన్ తన కారు బయటపెట్టి, ఆ చలికాలమంతా రోజూ పొద్దున్నే అద్దం మీది ఐసు గీక్కుంటూ, నాన్నా, ఆంటీ విగ్రహం కాబట్టి ఊరుకుంటున్నాను అనేది. ఇనుప చువ్వల మీద మట్టి పెరిగింది. జనవరి ఆఖరుకు ఆరున్నర అడుగుల కృష్ణకుమారి కుడిచేయి ముందుకు చాపి నిలబడింది.

అప్పుడు కృష్ణకుమారి కూతురు అంకిత చూడటానికి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇక్కడే లాయరు. విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి, నొప్పించకూడదన్నట్టు మెల్లగా అంది:

"అంకుల్, మమ్మీ హెడ్ ఇంత పెద్దగా లేదు కదా?"

దైవాశీర్వాదం నవ్వాడు. టీ పెట్టమని కూతురికి కేకేశాడు. క్రేను రానివ్వమ్మా, పైకెక్కాక చూడు అన్నాడు.

"పైకి ఎక్కదు, అంకుల్. అక్కడ పెడస్టల్ లేదు. పిల్లలు ఎక్కి పడిపోతారని సిటీవాళ్ళు వద్దన్నారు."

గోడకు అంటించిన సిటీవాళ్ళ ప్లాను దగ్గరికి వెళ్ళాడు. అందులో 'బేస్, 18 ఇంచెస్' అని స్పష్టంగా ఉంది. మూడు నెలలుగా రోజూ చూస్తున్న కాగితమే. మన దగ్గర దిమ్మె కింద చప్టా ఒకటి కడతారు, దాన్ని మేస్త్రీలు బేస్ అంటారు. ఈయనా అదే అనుకున్నాడు. బేస్ పద్దెనిమిది అంగుళాలైతే, దాని మీద దిమ్మె ఎటూ ఉంటుంది కదా అని అడగనే లేదు. విగ్రహమన్నాక దిమ్మె లేకుండా ఎలా ఉంటుంది? పెళ్ళికి పెళ్ళికొడుకు వస్తాడా అని ఎవరైనా అడుగుతారా?

టీ వచ్చింది. ఈసారి దాన్ని ఆయనే తాగాల్సి వచ్చింది. తప్పు నాదేనమ్మా అని అంకితతో చెప్పాడు. కంచు పోతపోసే ఫౌండ్రీవాళ్ళు వచ్చి అచ్చు తీసుకోవడానికి మూడు వారాలుంది.

తల కోయడం రెండు రోజుల పని. చేతులు తగ్గించడం ఇంకో మూడు రోజులు. కష్టమైనది మొహం. దూరం నుంచి చూసే మొహం చేయడం ఆయన చేతులకు అలవాటైన పని. చెయ్యిచాపు దూరంలో నిలబడి చూసే మొహం ఎలా ఉంటుందో వేళ్ళకు తెలియదు. అది తెలుసుకోవడానికి కృష్ణకుమారిని గుర్తుచేసుకున్నాడు. గుర్తొచ్చింది ఎడమ చెంప ఒక్కటే. స్టీరింగ్ పట్టుకుని భయంతో రోడ్డు చూస్తున్నవాడికి పక్క సీట్లో మనిషి అంతకన్నా ఏం కనిపిస్తుంది? మిగతావన్నీ గ్రూపు ఫోటోల్లో పళ్ళు బయటపెట్టిన మొహాలు. రెండుసార్లు చేశాడు, రెండుసార్లూ చెరిపేశాడు. ఆఖరి పని ఇలా పరువు తీస్తుందని అనుకోలేదు, ఏడుపొచ్చినంత పనైంది.

సంగతి విని, మా నాన్నకి తెలుస్తుందేమో అని అంకితే అంది. అంటూనే తటపటాయించింది. సత్యంగారు రిటైరైన ఇంజినీరు. గ్లకోమాతో ఆరేళ్ళ క్రితమే చూపు పోయింది. భార్య పోయాక గడప దాటడం కూడా మానేశాడు.

మర్నాడు పొద్దున్న ఆఫీస్‌కి వెళ్తూ అంకిత ఆయన్ని గరాజులో దించి వెళ్ళింది. స్టూలు మీద కూర్చోబెట్టి, హీటరు దగ్గరికి జరిపి, దైవాశీర్వాదం కాసేపు ఊళ్ళ కబుర్లు చెప్పాడు. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా మట్టిమొహం మీద పెట్టాడు. సత్యంగారి వేళ్ళు నుదుటి నుంచి గడ్డం దాకా నెమ్మదిగా దిగాయి.

"ఎవరండీ ఈవిడ?" అన్నాడు.

ఇన్నేళ్ళలో దైవాశీర్వాదం పనిని ఎవరూ అంత మర్యాదగా తీసిపారేయలేదు. ముందు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత పనిముట్టు తీసుకుని, ఎక్కడ కాదో చెప్పండి అన్నాడు.

సత్యంగారికి మాటల్లో చెప్పడం రాలేదు, వేళ్ళతో చెప్పాడు. ఇక్కడ ఎముక పైకి ఉండేదని నొక్కి చూపించాడు. కనుబొమల మధ్య గీత ఒకటి కాదు, రెండట. నిద్రలో కూడా దవడ బిగించే ఉంచేదట, పొద్దున డ్యూటీ ఉన్న రోజయితే మరీనట. నవ్వబోయే ముందు ఎడమ పెదవి చివర లోపలికి పోయేదట. అది చెప్పేటప్పుడు ఆయన వేలు ఆ చోట చాలాసేపు ఆగింది. ఈయన చెక్కడం, ఆయన తడమడం. "వచ్చిందా?" అని ఈయన అడగడం, "ఇంకా రాలేదండీ" అని ఆయన అనడం. పోలిక కుదిరితే 'వచ్చింది' అనడం తెనాలిలో ఆ పనివాళ్ళకు అలవాటు. తొమ్మిది రోజులు అదే మాట నడిచింది. ఇద్దరూ మధ్యాహ్నం జోసఫిన్ పెట్టి వెళ్ళిన పెరుగన్నం తినేవాళ్ళు. సత్యంగారు మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు కూడా ఆవిడే డ్రైవింగ్ నేర్పిందండీ, చూపు తగ్గాక తాళాలు లాక్కుందీ ఆవిడే అని ఒకరోజు నవ్వాడు.

పదో రోజు పొద్దున్న దైవాశీర్వాదం పెదవి చివర ఒక పిసరు మట్టి తీసి, చేతులు తుడుచుకుని పక్కకు జరిగాడు. రేపు తొమ్మిదింటికి ఫౌండ్రీ వ్యాను వస్తుంది. అచ్చు తీశాక ఈ మట్టి ముక్కలుముక్కలవుతుంది, దాని సంగతి అంతే. వేసవికి కంచు కృష్ణకుమారి పార్కులో నిలబడుతుంది.

సత్యంగారు లేచి చెయ్యి పెట్టాడు. నుదురు, రెండు గీతలు, ఎముక, దవడ. పెదవి దగ్గరికి వచ్చాక ఆ చెయ్యి ఇక కదల్లేదు. అడగడానికి దైవాశీర్వాదానికి ధైర్యం చాల్లేదు. అయినా అడిగాడు.

"వచ్చిందాండీ?"

"వచ్చింది" అన్నాడు సత్యంగారు. ఆ మాట మట్టిబొమ్మ గురించి అన్నట్టుగా లేదు, తలుపు తీసుకుని ఇంట్లోకి వచ్చిన మనిషి గురించి అన్నట్టుగా ఉంది. రెండో చెయ్యి కూడా ఎత్తి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అలాగే నిలబడిపోయాడు. దైవాశీర్వాదం కళ్ళు నిండాయి, తల తిప్పుకున్నాడు.

సత్యంగారు అటే తిరిగి ఉండి అడిగాడు.

"పని అయిపోయినట్టేనాండీ? రేపు నేను రానక్కర్లేదా?"

దైవాశీర్వాదం ఫోను తీసుకుని గరాజు బయటికి, మంచులోకి నడిచాడు. చెప్పిన తారీఖు తప్పడమన్నది ఆయన ఇంతవరకూ ఎరగడు. వ్యాను ఇంకో వారం తర్వాత పంపమని ఫౌండ్రీవాళ్ళకు చెప్పాడు. ఏమైందని వాళ్ళడిగితే, మొహం ఇంకా కుదరలేదన్నాడు. లోపలికి వచ్చి స్టూలు హీటరు దగ్గరికి లాగాడు.

"రండి సత్యంగారూ, రేపు కూడా రండి. ఇంకా బోలెడు పనుంది."