తిరుగుటపా మేడమ్

ఆ కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్ అంటే రెండు బీరువాలు, ఒక బల్ల, ఒక కిటికీ. కిటికీ వెనక కూర్చునే ఆవిడను పిల్లలు తిరుగుటపా మేడమ్ అనేవారు. ఆవిడ చేతిలో పడ్డ దరఖాస్తు ఏదో ఒక వంకతో తిరిగి రాకుండా ఉండేది కాదు మరి. సంతకం గీత దాటిందనో, తండ్రి పేరులో ఒక అక్షరం తేడా ఉందనో ఎర్ర సిరాతో ఒక సున్నా చుట్టి కిటికీలోంచి బయటికి తోసేది. "ఏం తప్పు మేడమ్?" అని అడిగితే, "కళ్ళున్నాయిగా, చూసుకో" అనేది.

ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. పడినా లెక్కచేయలేదు. పదిహేడేళ్ళ సర్వీసులో ఎవరి మాటకూ నొచ్చుకోని ఆ మనిషిని ఊరికే ఎదురుపడి బాధపెట్టగలిగింది తోడబుట్టిన చెల్లెలొక్కతే. ఆ చెల్లెలే ఆ యేడు అదే కాలేజీకి ఎకనామిక్స్ లెక్చరర్‌గా బదిలీ అయి వచ్చింది. వచ్చిన నెలకే ప్రిన్సిపాల్ ఆమెను స్కాలర్‌షిప్ కమిటీకి కన్వీనర్ని చేశాడు. ఇక అక్క చూసిన ప్రతి ఫారమూ చెల్లెలి సంతకానికి వెళ్ళాల్సిందే.

"మీ చెల్లెలుగారు పిలుస్తున్నారండీ" అని అటెండరు వచ్చి చెప్పేవాడు.

"చెల్లెలెవరు? కన్వీనర్‌గారు అను" అని విసుక్కుంటూ ఫైలు పట్టుకుని లేచేది.

తీరా వెళ్తే ఆమె నలుగురిలో "రా అక్కా, కూర్చో" అనేది. ఆ పిలుపు పుండు మీద కారం చల్లినట్టుండేది. పోనీ "మేడమ్" అని పిలిచినా మండేదే. చెల్లెలు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి సంతకం పెట్టే తీరూ, ఆమెను చూడగానే వరండాలో పిల్లలు తప్పుకుని దారివ్వడమూ, ఆఖరికి ఆమె సంచిలోంచి తొంగిచూసే లావుపాటి పుస్తకం కూడా అక్క కంట్లో నలుసులే. అవన్నీ తనవి కావలసినవని ఆవిడ లోపల గట్టిగా నమ్మింది.

ఆ నమ్మకం ఇరవై నాలుగేళ్ళ నాటిది. పదో తరగతిలో టైఫాయిడ్ వచ్చి అక్కకు ఒక యేడు పోయింది. దాంతో ఇద్దరూ ఒకే తరగతిలో పడ్డారు, ఒకేసారి ఈ కాలేజీ గుమ్మం ఎక్కారు. తండ్రి నీళ్ళ పంపుల దగ్గర ఆపరేటరు. స్కాలర్‌షిప్ వస్తేనే ఆడపిల్లల చదువు, లేకపోతే లేదు. ఇద్దరి ఫారాలూ ఆయనే పట్టుకెళ్ళాడు. జాబితాలో చిన్నదాని పేరుంది. పెద్దదాని పేరు లేదు. "నీకు రాలేదమ్మా" అని ఒక్క ముక్క చెప్పి ఆయన పెరట్లోకి వెళ్ళిపోయాడు.

కారణం మేనత్త చెప్పింది. "ఇంటికి ఒకరికే ఇస్తారటే. ఎవరికివ్వాలో తండ్రినే రాసిమ్మన్నారట. మీ నాన్న చిన్నదానికి రాసిచ్చేశాడు."

ఆ మాట నిజమా కాదా అని ఆవిడ తండ్రిని అడగలేదు. అడగడానికి రోషం అడ్డొచ్చింది. ఆనాటి నుంచి ఆయనతో ఊఁ, ఉహుఁ తప్ప మాట్లాడలేదు. టైపు నేర్చుకుంది, కాలేజీలో రోజుకూలీ మీద చేరింది, పరీక్ష రాసి గుమస్తా అయింది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. తొమ్మిదేళ్ళ కిందట తండ్రి పోయాడు. ఆయన మంచం పక్కన కూడా ఆవిడ గ్లాసు అందించిందే కానీ మాట అందించలేదు.

ఆ యేడు దరఖాస్తుల గడువు శుక్రవారం సాయంత్రం ఐదింటికి. బుధవారం చెల్లెలు స్వయంగా కిటికీ దగ్గరికి వచ్చింది. వెంట సన్నటి పిల్ల, మొదటి సంవత్సరం.

"అక్కా, ఈ అమ్మాయి ఫారం కాస్త చూసిపెట్టు. బుర్రంటే బుర్ర. వీళ్ళమ్మ కుట్టుపని చేసి చదివిస్తోంది" అంది చెల్లెలు. అని, పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి చూసేసరికి అక్కకు మండింది. నా భుజం మీద ఎవరు చెయ్యేశారు గనక? ఫారం తీసుకుంది. వాళ్ళు వెళ్ళాక తిప్పి చూస్తే ఆదాయం సర్టిఫికెట్ మీద సంతకం ఉంది, ఆఫీసు ముద్ర లేదు. అప్పుడే కేకేస్తే వరండా చివర ఉన్న పిల్ల వెనక్కి వచ్చేది. ఆవిడ కేకెయ్యలేదు. ఎర్ర సున్నా చుట్టి, తిప్పిపంపాల్సిన కట్ట అడుగున పెట్టేసింది. 'చూద్దాం, కన్వీనర్‌గారి పలుకుబడి ఎంతుందో' అనుకుంది. అనుకుని, ఆ రోజంతా వింత హుషారుగా ఉంది.

మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి ఆర్డరొచ్చింది. రికార్డు గదిలో ఇరవయ్యేళ్ళు దాటిన కాగితాలన్నీ తీసెయ్యాలట. ముక్కుకు కొంగు కట్టుకుని ఆవిడే దిగింది. సంవత్సరాల వారీగా కట్టలు దింపుతూ ఉంటే తమ యేడు కట్ట చేతికొచ్చింది. తాడు విప్పకుండా ఉండలేకపోయింది.

తన ఫారం దొరికింది. తండ్రి గుండ్రటి దస్తూరి. కిందా పైనా చూసింది. ఆ రోజుల్లో ఉండేదని తను నమ్మిన, ఇంటికి ఒకరికే అన్న నిబంధన ఎక్కడా లేదు. తండ్రి రాసిచ్చిన కాగితమూ లేదు. ఫొటో అంటించే గడి మాత్రం ఖాళీగా ఉంది. ఎండిన జిగురు మరక చుట్టూ ఎర్ర సిరాతో ఒక సున్నా. అంతే. ఒక్క అక్షరం ముక్క కూడా రాసి లేదు. ఆ సున్నా ఎవరిదో ఆవిడకు తెలుసు. తనకు ఈ పని నేర్పి రిటైరైన పెద్ద గుమస్తాది.

చెల్లెలి ఫారం దాని పైనే ఉంది. ఎందుకో తిప్పి చూసింది. వెనకవైపు, పచ్చి జిగురుకు అంటుకుపోయి, రెండు జడలతో పద్దెనిమిదేళ్ళ తన మొహం. తండ్రి రెండు ఫారాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఇచ్చి ఉంటాడు. ఫొటో ఊడి, తిరగబడి పై కాగితానికి అంటుకుంది. తిప్పి చూసిన నాథుడు లేడు.

ఆవిడ ఆ దుమ్ములోనే చతికిలబడింది. నాన్న ఎవరినీ ఎంచుకోలేదు. ఆ సంగతి తెలిస్తే గుండె తేలికపడాలి. పడలేదు సరికదా, ఇన్నేళ్ళూ ఆనుకున్న గోడ ఒక్కసారిగా తొలగినట్టయి ఎటు ఒరగాలో తెలియలేదు. అంతలో కట్ట అడుగున పెట్టిన పిల్ల ఫారం గుర్తొచ్చి లేచింది, అప్పటికే కాలేజీ వదిలేశారు.

శుక్రవారం పొద్దున్నే ఆ ఫారం తీసుకుని వెళ్తే పిల్ల క్లాసుకు రాలేదు. వాకబు చేసి, కుట్టుమిషన్ల షెడ్డుకు వెళ్ళింది. పిల్ల తల్లి పక్కన కూర్చుని గుండీలు కుడుతోంది. ఈవిడను చూసి బెదిరిపోయి లేచింది.

"ఎకనామిక్స్ మేడమ్ పంపించారా అండీ?"

ఆ మాటకు కూడా చురుక్కుమంది. "ఎవరూ పంపలేదు, నేనే వచ్చా. నీ సర్టిఫికెట్ మీద ముద్ర లేదు. పద, బయల్దేరు."

రెవెన్యూ ఆఫీసులో క్యూ గేటు దాకా ఉంది. ముద్ర వేసేవాడు భోజనానికి వెళ్ళి ఎప్పటికో వచ్చాడు. ముద్ర పడ్డాక ఇద్దరూ పరుగులాంటి నడకతో కాలేజీకి చేరేసరికి నాలుగున్నర. చెల్లెలు జాబితా మూసి సంతకం పెట్టబోతోంది. అక్క ఫారాన్ని ఆమె ముందు పెట్టింది.

"ఇంత ఆలస్యం ఏంటక్కా? బుధవారమే ఇచ్చానుగా?"

"ముద్ర లేదు. నాకు అప్పుడే తెలుసు. చెప్పలేదు."

"ఎందుకని?"

"నువ్వు తీసుకొచ్చావు కాబట్టి."

చెల్లెలు ఆమె మొహంలోకి చూసింది. పిల్ల పేరు జాబితాలో రాసి, సంతకం పెట్టి, అటెండరు చేత కవరు పంపించేసింది. గది ఖాళీ అయ్యాక అక్క పాత ఫారాలు రెండూ బల్ల మీద పరిచింది. చెల్లెలు ఫొటో వంక చూసింది.

"అయితే ఇదన్నమాట. నాన్న మూడుసార్లు వచ్చాడక్కా ఈ ఆఫీసుకి. ఎందుకు కొట్టేశారో చెప్పండి అని కిటికీ పట్టుకుని అడిగితే, వెళ్ళి చూసుకోమన్నారట. ఏం చూసుకోవాలో ఆయనకేం తెలుసు?"

"మూడుసార్లా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు ఆయనతో మాట్లాడితేగా."

ఇంతకాలం అక్క చెల్లెలి చదువు చూసి, ఉద్యోగం చూసి ఏడ్చింది. ఇప్పుడు అవన్నీ చిన్నవైపోయాయి. తండ్రి మనసు విప్పి చెప్పుకున్న మాటలు దీని దగ్గరున్నాయి, తన దగ్గర లేవు. ఈ కొత్త మంట పాతదాని కంటే ఎక్కువ కాల్చింది. ఈ మంటకు తప్పుపట్టడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు.

తర్వాత ఆవిడ పనితీరు కొంచెం మారింది. సున్నా చుట్టిన చోటల్లా పక్కన తప్పేమిటో రాసేది. గొంతు మాత్రం మునుపటిలాగే గరుకుగా ఉండేది. మూడు నెలలకు స్కాలర్‌షిప్ మంజూరైంది. కుట్టుపని ఆవిడ కూతురు నవ్వుతూ వచ్చి, కిటికీ ముందునుంచే దూసుకుపోయి, తిన్నగా ఎకనామిక్స్ మేడమ్ గదిలోకి వెళ్ళింది. "మీ దయ వల్లే మేడమ్" అనడం ఇక్కడిదాకా వినిపించింది. ఎండలో పడి తిరిగిందెవరు, దండాలు అందుకునేదెవరు! ఆవిడ కలం మూత ఠక్కున పెట్టింది.

"అక్కా, ఒకసారి ఇలా రా" అని చెల్లెలు గుమ్మంలోంచి పిలిచింది.

"పనుంది" అని తల ఎత్తకుండానే అంది.

కానీ సాయంత్రం గేటు దగ్గర ఆగింది. చెల్లెలు వచ్చేదాకా ఆగి, ఆమెతోపాటు బస్‌స్టాపు వైపు నడిచింది. ఆ యేడు వాళ్ళిద్దరూ కలిసి నడవడం అదే మొదలు. సగం దూరం పోయాక అడిగింది.

"నాన్న మూడోసారి వచ్చి వెళ్ళాక, ఇంటికొచ్చి నీతో ఏమన్నాడే? ఒక్క ముక్క వదలకుండా చెప్పు."

చెల్లెలు సంచి భుజం మార్చుకుని చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళెక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది.