నూకల కూలి

నేను వితంతు వివాహ భోజనంలో కూర్చున్న మూడో రోజు మా ఇల్లు వెలి పడింది. వంటవాడు మానేశాడు. నీళ్లు తెచ్చే బ్రాహ్మణుడు బిందె గుమ్మంలోనే దించి, తలెత్తకుండా వెళ్లిపోయాడు. నెల తిరగకుండా మామగారు వచ్చి నా భార్యను పుట్టింటికి తీసుకుపోయారు. రాజమండ్రిలో అంత పెద్ద ఇంట్లో నేను, నా పుస్తకాలు మిగిలాం.

దంపుళ్ల మనిషి మాత్రం వస్తూనే ఉంది. పెరటి దారిన వచ్చి, వడ్లు దంచి, చెరిగి, పెరటి దారినే పోయేది. ఆమెకు నిషేధం ఎందుకు లేదా అని మొదట్లో ఆశ్చర్యపడ్డాను. ఎవరూ ఆమెను లెక్కలోకి తీసుకోలేదు, అంతే. వెలి వేయడానికైనా ఒక మనిషి ఉన్నదని గుర్తించాలి కదా.

ఆమెకు నలభై ఏళ్లుంటాయి. మొగుడు పోయాడు. మా ఇంటితో కలిపి నాలుగిళ్లలో దంచేది. పది రోజులకొకసారి రోకటి పోటు వినబడితే ఇంట్లో మరో ప్రాణి ఉన్నట్టుండేది. నేను వ్యాసం రాస్తూ ఆ చప్పుడు ఆగకూడదని కోరుకునేవాణ్ణి.

ఆమె కూలి నూకలు, కాస్త తవుడు. గింజలు ఇంటివారివి, విరిగినవి దంచినవారివి. ఊరి వాడుక అది. ఒకనాడు ఆమె చెరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను. బియ్యం ముత్యాల్లా ఉన్నాయి. చేటలో నూకలు దోసెడు కూడా లేవు. నాకు ఒళ్లు మండింది. చేతికి నేర్పు వచ్చినకొద్దీ కడుపుకు తగ్గడమేమిటి? పోనీ కాస్త నూకలు పెరిగితే, కూలి కోసం కావాలని రోకటి పోటు గట్టిగా వేస్తోందని ఆ ఇల్లాళ్లే దొంగతనం అంటగడతారు. ఇదంతా సభలో ఉపన్యసించినట్టు ఆమెకు వివరించాను.

ఆమె చేట ఆపకుండానే, "ముప్పై ఏళ్లుగా దంచుతున్నానండి. తమకి ఇవాళ తెలిసిందా బాబూ?" అంది.

ఇకనుంచి మా ఇంట్లో నూకలు కాదు, మంచి బియ్యమే కొలిచి ఇస్తానన్నాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మిగతా ఇళ్లలోనూ అలాగే అడగమన్నాను. ఆమె ఒప్పుకోలేదు. భయమెందుకు, ఇందులో తప్పేముంది, అడగనివాళ్లకు ఎవరు పెడతారు అని మూడు నాలుగు సార్లు వెంటబడ్డాను. వాదనలో నన్ను గెలవడం ఆమెకెలా చేతనవుతుంది?

పాపం, అడిగింది. ఆ మూడిళ్లలో కలిగినదైన పెద్దింట్లోనే మొదట అడిగింది. ఈ మాటలు నీకెవరు నేర్పారని ఆ ఇల్లాలు నిలదీస్తే, ఉన్నదున్నట్టు నా సంగతి చెప్పింది. వెలి ఇంటి బుద్ధులు తెచ్చిందని ఆ మధ్యాహ్నానికల్లా మూడిళ్లూ ఆమెను రావద్దన్నాయి. మనిషిగా గుర్తించిన రోజే వెలి కూడా వేశారు.

మర్నాడు వచ్చి నా గది గుమ్మం దగ్గర నిలబడింది. అంతకు మునుపెప్పుడూ ఆమె పెరడు దాటి లోపలికి రాలేదు.

"తమరొచ్చి పెద్దింట్లో ఒక్క మాట చెప్పండి బాబూ. దానికేం తెలీదు, నేనే అడగమన్నానని చెప్పండి. అమ్మగారు మళ్లీ రానిస్తారు."

అలా చెబితే మనం అడిగింది తప్పని ఒప్పుకున్నట్టవుతుందని అన్నాను. ఈ అన్యాయం గురించి పత్రికలో రాస్తానని మాటిచ్చాను.

"మీ కాగితం వాళ్లు చదవరండి. మీరు గుమ్మంలో నిలబడితే చూస్తారు."

నేను వెళ్లలేదు. సూత్రం కోసమని అప్పుడు అనుకున్నాను. నిజం అది కాదు. ఆ ఇంటి యజమాని నాతో చదువుకున్నవాడు. వాళ్ల అరుగు మీద నలుగురి ఎదుట నన్ను దిగిపొమ్మంటాడని భయం. వందమంది పండితుల ముందు వణకని గొంతు ఒక వీధి గుమ్మానికి వణికింది.

వ్యాసం అచ్చయింది. మిత్రులు మెచ్చుకున్నారు. అందులో 'కూలి స్త్రీలు' ఉన్నారు గాని, ఆమె లేదు.

ఒక్క ఇంటి కూలితో ఏ మనిషీ బతకదు. ఆమె కొవ్వూరులో ఉన్న చెల్లెలి దగ్గరికి పోతున్నానని చెప్పి, గాదెలోంచి తీసి ఉంచిన వడ్లు దంచిపెట్టి, పడవ వేళకు వెళ్లిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే జవాబు చెప్పుకునేవాణ్ణి.

ఆ తరువాత దంచడానికి మరెవరూ రాలేదు. బియ్యం నిండుకున్నాక నేనే రోకలి పట్టాను. అరచేతులు పొక్కాయి. చేటలో పోసి చూస్తే సగం ఊక, సగం నూకలు. గింజ అన్నది వెతుక్కోవాలి. ఊరి వాడుక ప్రకారం ఆ నూకలన్నీ దంచినవాడివే. ఇంత కూలి ఆమెకు ఏనాడూ వచ్చి ఉండదు.

జావ కాచుకు తాగి, కండువా వేసుకుని పెద్దింటికి నడిచాను. అరుగు మీద ఎవరూ లేరు. మెట్టెక్కి తలుపు తట్టాను. లోపలినుంచి ఆడగొంతు, "ఎవరండీ? ఏం కావాలండీ?" అని మర్యాదగానే అడిగింది.

ఏం కావాలో చెప్పవలసిన రోజు దాటిపోయింది. చప్పుడు కాకుండా మెట్టు దిగి వచ్చేశాను.