ఆవలి ఒడ్డున మాకో గది

నాకు ముహూర్తాలంటే కోపం. పెళ్లిపత్రికలో ఘడియలు, విఘడియలు కనిపిస్తే ఇప్పటికీ చదవకుండా మడిచి పక్కన పెడతాను. మా తమ్ముడి మనవలు నన్ను నాస్తికురాలంటారు. దేవుడితో నాకు తగాదా లేదు. నా తగాదా పంచాంగంతోనే.

అప్పుడు మేం మహదేవపూర్‌లో ఉండేవాళ్లం. ఆంధ్రప్రదేశ్ అని కొత్తగా పేరు మారిన రోజులు. మా ఆయన దసలి పట్టు నేసేవాడు. ఇంట్లో ఆయన, నేను, మా అత్త, ముగ్గురమే. నా మొదటి బిడ్డ మంత్రసాని చేతుల్లోనే పోయింది. రెండోసారి ఏడో నెలలో మా ఆయన నన్ను పడవెక్కించి సిరొంచ దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ పొట్ట తడిమి చూసి, బిడ్డ అడ్డంగా ఉన్నాడని చెప్పింది. తొమ్మిదో నెల రాగానే వచ్చి దవాఖాన దగ్గర్లోనే ఉండమంది. నొప్పులు మొదలయ్యాక నది దాటుదామనుకుంటే బిడ్డ దక్కడని కచ్చితంగా చెప్పింది.

సిరొంచ నదికి ఆవలి ఒడ్డు. మా ఊరి నుంచి బండి మీద కాళేశ్వరం రేవుకు పోయి పడవెక్కాలి. ఈవలి ఒడ్డు నిజాముది, ఆవలి ఒడ్డు ఇంగ్లీషువాళ్లది అయిన కాలంలో దొరలు అక్కడ కాపురాలు చేశారు. వాళ్లు వెళ్లిపోయినా ఎత్తు అరుగుల పెంకుటి బంగ్లాలు మిగిలాయి. అలాంటి ఒక బంగ్లాలో, ఒకప్పుడు దొరసానుల దగ్గర ఆయాగా పనిచేసిన ముసలావిడ ఉండేది. అందరూ బాయి అనేవాళ్లు. ఆమె రెండు గదులు రోజు లెక్కన అద్దెకిచ్చేది. మంచం ఇస్తుంది, పొద్దున చాయ్, రొట్టె, గుడ్డు పెడుతుంది. మిగతా రెండు పూటలూ మన వంట మనదే. పట్టుబట్టలు అమ్మడానికి ఆ ఒడ్డుకు పోయే మా ఆయన మా కోసం ఆ గది మాట్లాడి వచ్చాడు.

వచ్చిన రోజే బొగ్గుముక్కతో మగ్గం పక్కన నేల మీద గది గీసి చూపించాడు.

"గిది మంచం. గిక్కడ కిటికీ, అద్దాల తలుపులు. గీ మూలకు మన పొయ్యి పెట్టుకోవాలె."

మా అత్త ఆ గీతల చుట్టూ తిరిగి చూసింది. "గా మంచం మీద ఏ దొర సచ్చిండో ఏమో."

"దొరలందరు లండన్ల సచ్చిర్రవ్వా."

"ఆ బాయి చేతి రొట్టె నేను ముట్ట. నా కోడలు సుత ముట్టది."

"మరి గా చాయ్ ఎవలు తాగాలె?"

"నువ్వు తాగు, నీకు సిగ్గు లేదు గద."

నేను పైకి అనలేదు గానీ ఆ రొట్టె కోసమే ఎదురుచూశాను. బొంత ఎక్కడ పరవాలి, నీళ్లు ఎవరు తేవాలి, రాత్రి దీపం ఎటు పక్కన పెట్టాలి అంటూ మహదేవపూర్‌లో కూర్చునే ఆ గదిలో కాపురం చేశాం. అత్త ఎంత గొణిగినా ప్రయాణం వద్దనలేదు. నలుగుర్ని కని ఒక్కణ్ని దక్కించుకున్న మనిషి. నా పొట్ట వైపు చూసినప్పుడల్లా ఆమె కళ్లల్లో భయం కనిపించేది.

తొమ్మిదో నెల పడగానే అయ్యగారు పంచాంగం చూసి, సోమవారం ఉదయం మంచి ఘడియ ఉందన్నాడు. మంగళ, బుధవారాలు మేం పోవాల్సిన ఉత్తరానికి శూల, ఆ దిక్కుకు బయల్దేరకూడదు. సోమవారమేమో బండి దొరకలేదు. నాట్ల రోజులు, ఎడ్లన్నీ పొలాల్లో ఉన్నాయి. దానికీ మావాళ్ల దగ్గర ఉపాయం ఉంది. మంచి ఘడియకు మనిషి కదలలేకపోతే మనిషి మూట కదులుతుంది. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. నా చీరలు, పుట్టబోయే బిడ్డ కోసం ఉతికి మడిచిన మెత్తటి పాత గుడ్డలు, పసుపుకొమ్ములు మూటగట్టి, మా అత్త ఆ ఘడియకు వీధి చివర ఉత్తరం వైపు ఇంట్లో పెట్టి వచ్చింది. అంతటితో నేను బయల్దేరినట్టే లెక్క. ఆ తరువాత ఏ రోజు వెళ్లినా దోషం లేదు.

మా కొంప ముంచింది ఆ మూటే. అది గడప దాటగానే ఇంట్లో అందరికీ నిమ్మళం వచ్చేసింది. వీధిలో ఆడవాళ్లు నన్ను చూసి, "ఇంకా ఈడనే ఉన్నవా? నువ్వు పోయినవంటిరి గద!" అని నవ్వారు. నేనూ నవ్వాను.

మంగళవారం పొద్దున బండి దొరికింది. వాన లేదు. మా ఆయన బండి వాకిట్లో నిలబెట్టి, "ఎక్కు, పోదాం" అన్నాడు.

"శూల నాడెందుకురా?" అంది మా అత్త. "ప్రయాణం ఎట్లయినా మొదలైంది గద. జర ఆగుర్రి. బేస్తారం పోదాం."

"ప్రస్థానం పెట్టినంక శూలేందవ్వా? నువ్వే అంటివి దోషం లేదని."

"లేదు, నిజమే. అయినా నాకు బుగులైతుంది. రెండు దినాలకు ఏమైతది?"

"అత్తమ్మా, నడుం లాగుతున్నది. పోదాం" అన్నాను నేను.

ఆయన నా వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఆమె బండి పట్టె పట్టుకుని నిలబడింది. ఆయన బండి వెనక్కి పంపేశాడు. ఆ ఎడ్లు వీధి మలుపు తిరిగిపోవడం చూస్తూ అరుగు మీద కూర్చున్నాను. లేచి నడిచి వెళ్లిపోవాలన్నంత కోపం వచ్చింది. తొమ్మిదో నెల పొట్టతో ఎక్కడికి నడుస్తాను?

గురువారం మూట తీసుకుని ముగ్గురం రేవుకు చేరేసరికి నది ఒడ్లొరుసుకుని పారుతోంది. ఎగువన ఎక్కడో కురిసిన వాన. మొదళ్లతో సహా చెట్లు కొట్టుకుపోతున్నాయి. మా ఆయన పడవవాడి కాళ్లు పట్టుకున్నాడు.

"నా కాళ్లు పట్టుకుంటే గోదారి తగ్గుతదా? బిడ్డను ముంచమంటవా?" అన్నాడు అతను. అతనిది తప్పు కాదు.

సత్రంలో దిగాం. అరుగు మీద కూర్చుంటే ఆవలి ఒడ్డు చెట్లు కనిపించేవి. ఆ చెట్ల వెనకే డాక్టరమ్మ ఉంది. శుక్రవారం పొద్దున నొప్పులు వచ్చాయి. ఆ ఊరి మంత్రసాని చేయగలిగిందంతా చేసింది. ముందు ఒక చిన్న చెయ్యి బయటికి వచ్చింది. ఆ రోజు గురించి అంతకంటే రాయను. మగపిల్లవాడు. ఏడవలేదు. మా అత్త మూట విప్పి గుడ్డలు తీసింది. వాటిలో చుట్టి మా ఆయన గట్టు మీదికి తీసుకెళ్లాడు.

వరద తీసేసరికి నాకు ఒళ్లు కాలిపోతోంది, నెత్తురు ఆగడం లేదు. అప్పుడు దాటాం నది. నన్ను దవాఖానలో చూపించి, బాయి బంగ్లాకు తీసుకెళ్లారు. బాయి నా పొట్ట చూసింది. మంచం మీద పక్క సర్దింది. మా ఆయన గీసినట్టే ఉంది గది, కిటికీ మాత్రం ఇంకో గోడకు ఉంది.

"మంగళారం, బుధారం పడవ నడిచింది" అంది బాయి, దుప్పటి కప్పుతూ. "మీరొస్తరని రేవు దిక్కు చూసిన."

పొద్దున చాయ్, రొట్టె తెచ్చి పెట్టి వెళ్లింది. ఆయన మందుల కోసం పోయాడు. బాయి చేతి రొట్టె ముట్టనన్న మా అత్త మంచం పట్టె మీద కూర్చుని, రొట్టె తుంచి చాయ్‌లో ముంచి నా నోట్లో పెట్టసాగింది. నాలుగు ముక్కలు పెట్టాక ఆగింది.

"మంగళారం వస్తే బతుకుతుండెనా బిడ్డా?"

పెద్దదాని మనసు కష్టపెట్టకూడదని ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. నాకు చెప్పబుద్ధి కాలేదు.

"బతుకుతుండె అత్తమ్మా" అన్నాను.

ఆమె చేతిలో చాయ్ చల్లారిపోయింది. తరువాత కొంగుతో నా మూతి తుడిచి, "మల్ల కడుపు పండితే నన్ను అడగకు. ఎవ్వల్ని అడగకు. బండెక్కి పో" అంది.

మళ్లీ పండలేదు.